వైజాగ్‌కి ఒకే ఒక్క బండి

ఎల్లారావు తన డ్రైవర్ని కొట్టిన రోజున సాయిశంకర్ అక్కడికి పది అడుగుల దూరంలో, చేతిలో డెలివరీ కాయితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్రైవరు బండిని షోరూముకి సర్వీసుకి తెస్తుంటే గాజువాక దగ్గర ఏదో ఆటో రాసుకుంది. తలుపు మీద వెంట్రుకంత గీత పడింది. ఎల్లారావు ఆ గీతని బొటనవేలితో తడిమి చూశాడు. డిక్కీ తెరిచి ఇనప రాడ్డు తీశాడు. మొదటి దెబ్బ డ్రైవరు మోకాలి చిప్ప మీద పడింది. మనిషి కూలిపోయాక కూడా, తొందరేమీ లేనట్టు, ఒకదాని తర్వాత ఒకటి ఇంకో నాలుగు వేశాడు. అప్పుడు రుమాలుతో మెడ తుడుచుకుని సాయిశంకర్ వైపు తిరిగాడు.

"ఈ గీత పాలిష్‌తో పోద్దేటి? తలుపు మార్సాలా?"

"పాలిష్‌తో పోతాదండి," అన్నాడు సాయిశంకర్.

మెకానిక్కులు డ్రైవర్ని ఆటో ఎక్కించారు. షోరూమ్ యజమాని శ్రీరామ్మూర్తి పైనున్న అద్దాల గదిలోంచి అంతా చూశాడు. కిందికి దిగలేదు. సిమెంటు మీద నెత్తురు కడిగించమని ఫోన్లో చెప్పాడు.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత జరిగినదాని గురించి సాయిశంకర్ చాలామంది దగ్గర, "ఆడు అలాంటోడని నాకు తెలీదు" అన్నాడు. తెలీకపోవడమేమిటి, బాగా తెలుసు.

సాయిశంకర్‌ది పెందుర్తి అవతల రైతు కుటుంబం. డిగ్రీ అవగానే విశాఖలో విదేశీ కార్ల షోరూములో చేరాడు. ఏడేళ్ళలో అతని మాటకి ఎంతటివాడైనా చెక్కు రాసేస్తాడని పేరొచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు. ఎదుటివాడు ఏం వినాలనుకుంటున్నాడో కనిపెట్టి అదే చెప్పడం అలవాటైపోయిన మనిషి, అంతే. గోపాలపట్నంలో హైవే పక్కన స్థలం తీసుకుని సొంతంగా పాత కార్ల వ్యాపారం పెట్టుకోవాలని అతని కోరిక.

ఆ షోరూముకి 'వెస్ట్రా' అనే కంపెనీ స్పోర్ట్స్ కారు రావలసి ఉంది. ప్రపంచం మొత్తానికి మూడొందల బళ్ళే చేస్తారు. అందులో మన దేశానికి తొమ్మిది. వైజాగ్‌కి వస్తే ఒకటి రావచ్చు, లేకపోతే లేదు. ఎవరు ముందు బుక్ చేస్తే వాళ్ళ పేరు ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఆ పేరు మీదే బండి కేటాయిస్తారు. దాన్ని అలాట్‌మెంట్ అంటారు.

మూడేళ్ళ కిందట, ఆ బండి ఇంకా బొమ్మల్లోనే ఉన్నప్పుడు, మొదటి పేరు రాయించింది గంగాలమ్మ. ఫిషింగ్ హార్బర్‌లో ఆవిడకి ఆరు బోట్లు, ఒక ఐస్ షెడ్డు ఉన్నాయి. యాభై దాటింది. పంతొమ్మిదో ఏట ఐస్ వ్యాను తోలడం నేర్చుకుని శ్రీకాకుళం దాకా చేపలు వేసుకెళ్ళిన మనిషి. నగల మీద మోజు లేదు, సినిమాల మీద లేదు. జోరుగా పోయే బండంటే మాత్రం ప్రాణం.

"ఇది ఎప్పుడొస్తాదో సెప్పలేనమ్మా, రాకపోనూవచ్చు," అన్నాడు ఆ రోజు సాయిశంకర్.

"ఏటకెల్లిన బోటు సంగతీ అంతే కదేటి బాబూ. నా పేరు రాసీ," అని బుకింగ్ సొమ్ము కట్టేసి వెళ్ళింది.

రెండో పేరు ఎల్లారావుది. పాత ఇనుము వ్యాపారం. ఆటోనగర్‌లో పెద్ద యార్డు ఉంది. ఊళ్ళో ఎవరికీ లేని బండి తన ఇంటి ముందుండాలి. ఆయన కోరికంతా అదే.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ముంబై నుంచి కబురొచ్చింది. వైజాగ్‌కి ఒక్క బండి, గంగాలమ్మ పేరు మీద. ఆ మధ్యాహ్నమే శ్రీరామ్మూర్తి సాయిశంకర్ని పైకి పిలిచాడు.

"ఎల్లారావు కోటి ఆన్ ఇస్తానంటున్నాడు," అన్నాడు. అసలు ధర మీద చేతికిచ్చే సొమ్ముని షోరూముల్లో ఆన్ అంటారు. "గంగాలమ్మనీ అంతే అడుగు. ఇచ్చిందా, సరే. ఇవ్వలేదా, తనే వదులుకుంటుంది."

సాయిశంకర్ వెళ్ళి అడిగాడు. గంగాలమ్మ బుకింగ్ కాయితం తెచ్చి బల్ల మీద పరిచింది.

"ఇందులో రేటు రాసుంది. దీని మీద నీ సంతకమే ఉంది సంకరా. ఈ కోటెక్కడుందో సూపించు, ఇచ్చీస్తాను."

చూపించడానికేమీ లేదు. వారం తిరక్కుండా ఆవిడ మేనకోడలు సూర్యకళ కంపెనీకి మెయిల్ పెట్టింది. జవాబు సూటిగా వచ్చింది: బండి గంగాలమ్మకే ఇవ్వాలి, అదీ రాసిన ధరకే. ఆవిడ స్వయంగా సంతకం చేసి రద్దు చేసుకుంటే తప్ప రెండో పేరుకి వెళ్ళదు.

దాంతో అందరికీ ఆవిడ సంతకం కావలసి వచ్చింది.

మే నెలలో ఒక రోజు ఎల్లారావు సాయిశంకర్ని మల్కాపురం దగ్గర టీ దుకాణానికి రమ్మన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. బల్ల కింద నుంచి ఒక కవరు అతని ఒళ్ళో పెట్టాడు.

"బావా, నువ్వేటీ సెయ్యక్కర్లేదు. ఆవిడ పక్కన జనం లేకుండా ఎప్పుడుంటాది, ఎక్కడుంటాది. ఆ ఒక్క ముక్క సెప్పు."

"ఏటి సేత్తారండి?"

"మాటాడతాను. ఆడమనిషి కదా, కొంచెం గట్టిగా మాటాడితే సాలు."

ఆ మాట నమ్మితే సాయిశంకర్‌కి సుఖం. అందుకని నమ్మాడు. చేపల వేట మీద ప్రభుత్వం ఏటా పెట్టే నిషేధం నడుస్తోంది, హార్బర్‌లో జనం పలచగా ఉంటారు. జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోతుంది. ఆ ముందు ఆదివారం పొద్దున ఐస్ ఆడించే మిషను బాగుచేయించి చూసుకుంటానని గంగాలమ్మ అతనితోనే అంది. ఆ మాట తీసుకెళ్ళి ఎల్లారావుకి అప్పజెప్పాడు. కవరు ప్యాంటు జేబులో దోపుకుని, బయటికొచ్చి, గోపాలపట్నంలో స్థలం చూపిస్తానన్న బ్రోకరుకి ఫోన్ చేశాడు.

ఆదివారం ఎనిమిదింటికి అతని ఇంటి ముందు బండి ఆగింది. లోపల ఎల్లారావు, ఇద్దరు మనుషులు ఉన్నారు. ఒకడు లావుగా ఉన్నాడు, రెండోవాడు గళ్ళ చొక్కా వేసుకున్నాడు.

"నానెందుకండి?" అన్నాడు సాయిశంకర్ గేటు పట్టుకుని.

గళ్ళ చొక్కావాడు అతని పొట్టలో గుద్దాడు. ఊపిరందక వంగిపోయినవాణ్ణి మెడ పట్టుకుని వెనక సీట్లో కుక్కారు.

"సంతకం ఎక్కడెట్టాలో నువ్వే కదా సూపించాల," అన్నాడు ఎల్లారావు ముందు సీట్లోంచి, వెనక్కి తిరక్కుండా. "నువ్వు పిలిత్తే ఆవిడ తలుపు తీస్తాది."

హార్బర్‌లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. పచ్చి చేపల వాసన లేదు, కొత్త రంగు వాసన వేస్తోంది. దూరంగా జెట్టీ చివర పదిమంది నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఐస్ షెడ్డులో మిషను మోత చెవులు పగలగొడుతోంది. సాయిశంకర్ రేకు తలుపు కొట్టాడు.

గంగాలమ్మ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేతిలో పార పట్టుకుని తలుపు తీసింది. అతన్ని చూడగానే ముఖం వెలిగిపోయింది.

"సంకరా! ఆదివారం పూటొచ్చావు, బండొచ్చీసిందేటి?"

అతను నోరు తెరిచేలోపు ముగ్గురూ అతన్ని తోసుకుంటూ లోపలికొచ్చి తలుపు గడియ పెట్టారు. లోపల ఆవిడ బోటు నడిపే ముసలి సరంగు సూరన్న ఒక్కడే ఉన్నాడు. కొక్కెంతో ఐస్ దిమ్మని మిషను వైపు లాగుతున్నాడు.

"బండొచ్చిందక్కా," అన్నాడు ఎల్లారావు మోతని మించి అరుస్తూ. "కాకపోతే అది నాకు గావాల. ఒక సంతకం ఎట్టీసి నీ పని నువ్వు సూసుకో. తమ్ముడడుగుతన్నాడనుకో."

"నాకు తమ్ముళ్ళు నేరు. బయటికి నడు."

సూరన్న దిమ్మని వదిలేసి కొక్కెం పట్టుకుని ముందుకొచ్చాడు. లావుపాటివాడి చేతిలో రాడ్డు ఒక్కసారి ఊగింది. సూరన్న ముంజేయి మధ్యలో వంగిపోయింది. కొక్కెం నేల మీద పడి గోడ వైపు జారుకుంటూ వెళ్ళింది. సూరన్న ఎడంచేత్తో వాడి గొంతు పట్టుకోబోయాడు. రెండో దెబ్బ వీపు మీద పడింది, మూడోది నోటి మీద. ఐస్ ముక్కల్లోకి బోర్లా పడ్డాడు. కిందున్న తెల్లటి ముక్కలన్నీ ఎర్రబడ్డాయి.

గంగాలమ్మ వెనక్కి తగ్గలేదు. పార తిప్పి గళ్ళ చొక్కావాడి మొహం మీద అడ్డంగా కొట్టింది. ముక్కు పగిలి వాడు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ పార ఎత్తేలోపు లావుపాటివాడు ఆవిడ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఎల్లారావు ఆవిడ జుట్టు గుప్పిట్లో చుట్టి తలని మిషను రేకుకి వేసి కొట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. నుదురు చిట్లింది.

"కాయితం తియ్యి," అన్నాడు సాయిశంకర్‌తో.

సాయిశంకర్ గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. అతని భుజం పక్కనే మిషను స్విచ్చు ఉంది, ఎర్ర బొత్తాం. చెయ్యెత్తితే అందుతుంది. ఆ బొత్తాన్ని అతను చూశాడు. చూసి, బండిలో వాళ్ళు తన చొక్కాలో దోపిన రద్దు పత్రం తీశాడు.

"సార్, వొద్దు సార్, మాటాడతానన్నారు కదా..."

ఎల్లారావు వెనుచేత్తో అతని నోటి మీద కొట్టాడు. పెదవి తెగింది. అప్పుడు గంగాలమ్మ, నుదుటి రక్తం కళ్ళలోకి కారుతుంటే, సాయిశంకర్‌ని చూసింది.

"ఈ యేళకి నానిక్కడుంటానని ఈళ్ళకి సెప్పిందెవురు సంకరా?"

అతను తల దించుకున్నాడు.

"సంతకం కుడిసేత్తో కదక్కా ఎడతావు," అన్నాడు ఎల్లారావు. "అయితే ఎడంసెయ్యి ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే." ఆవిడ ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఐస్ దిమ్మలు వేసే మిషను నోట్లోకి దించాడు. లోపల ఇనప పళ్ళు తిరుగుతున్నాయి. "ఎడతావా?"

గంగాలమ్మ ఎల్లారావు మొహం మీద ఉమ్మింది.

ఎల్లారావు చేతిని ఇంకో జానెడు కిందికి నొక్కాడు.

ఆ కేక మిషను మోతలో సగం కలిసిపోయింది. గొట్టంలోంచి కింద పడుతున్న ఐస్ పొడి గులాబీ రంగులోకి మారి, ఆ తర్వాత ఎర్రగా వచ్చింది. సాయిశంకర్ చెయ్యి అప్పుడు లేచింది. అప్పటిదాకా ఎందుకు లేవలేదో, అప్పుడెందుకు లేచిందో అతనికి ఇప్పటికీ తెలీదు. బొత్తాం నొక్కాడు. మిషను ఆగిపోయింది. హఠాత్తుగా నిశ్శబ్దం వచ్చేసరికి గంగాలమ్మ కేక షెడ్డు రేకుల్ని చీల్చుకుంటూ జెట్టీ చివరిదాకా వినిపించింది.

"ఒరే, ఎవుడ్రా ఆపింది!" అని ఎల్లారావు తిరిగేసరికి సాయిశంకర్ వంగి నేల మీది కొక్కెం అందుకున్నాడు. జీవితంలో ఎవరి మీదా చెయ్యి చేసుకోని మనిషి. కళ్ళు మూసుకుని ఊపాడు. మెడ కింద, భుజంలోకి దిగింది. లాగితే రాలేదు. ఎల్లారావు కొక్కెంతో పాటే మోకాళ్ళ మీద పడ్డాడు.

లావుపాటివాడు గంగాలమ్మని వదిలేసి రాడ్డుతో సాయిశంకర్ మీద పడ్డాడు. మొదటి దెబ్బకి పక్కటెముకలు పటపటమన్నాయి. రెండో దెబ్బకి చెవి చిరిగి వేలాడింది. అతను ముడుచుకుపోయి, చేతిలోంచి జారి కింద పడిన రద్దు పత్రాన్ని ఎందుకో నోట్లో కుక్కుకున్నాడు. తినేద్దామనుకున్నాడో, కేక బయటికి రాకుండా అడ్డం పెట్టుకున్నాడో. ఇంకెన్ని దెబ్బలు పడ్డాయో అతనికి తెలీదు.

అంతలో తలుపు విరిగింది. వలల దగ్గర కూర్చున్న పదిమందీ వచ్చారు. వాళ్ళ వెనక రంగులు వేస్తున్నవాళ్ళు, ఎండుచేపల పాకలోని ఆడవాళ్ళు వచ్చారు. ఎవరి చేతికి దొరికింది వాళ్ళు పట్టుకొచ్చారు: తెడ్లు, వెదురు బొంగులు, రంగు డబ్బాలు. లావుపాటివాడి చేతిలో రాడ్డు లాక్కుని దాంతోనే వాడి రెండు మోచేతులూ విరగ్గొట్టారు. గళ్ళ చొక్కావాడు పారిపోబోతే గుమ్మంలో ఒక ముసలామె కాళ్ళకి వెదురు అడ్డం పెట్టింది. పడ్డవాణ్ణి తొక్కారు. ఎల్లారావుని కొక్కెం పట్టుకుని బయటికీడ్చుకెళ్ళి జెట్టీ మీద వేశారు. ఒకడు లంగరు రాయి ఎత్తి ఆయన తల మీదికి గురిపెట్టాడు.

"ఆగండి," అంది గంగాలమ్మ.

కొంగు చేతికి చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కొంగంతా ఎర్రగా తడిసి చుక్కలు కారుతోంది. మనిషి ఊగుతోంది.

"సంపకండి. ఈడు సత్తే మన పిల్లలు జైలుకెల్తారు. ఈడు బతకాల. బతికి, ఆ బండి నా ఇంటికాడ సూడాల."

ఆ మాట అని పడిపోయింది. లంగరు రాయి ఎత్తినవాడు దాన్ని తలకి బదులు ఎల్లారావు మోకాలి మీద వేశాడు.

గంగాలమ్మకి ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. మిగతా చెయ్యి నిలబెట్టారు. పెద్దాసుపత్రిలో నాలుగో రోజున సాయిశంకర్ పక్కటెముకల కట్టుతో గోడ పట్టుకుని ఆవిడ వార్డుకెళ్ళాడు. సూరన్న పిండికట్టు వేసిన చెయ్యి మెడకి కట్టుకుని ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"కూకో సంకరా," అంది గంగాలమ్మ. కొంచెంసేపు కట్టు కట్టిన చేతినే చూసుకుంది. "ఒకటడగనా? ఆ బండికి గేరు ఎలగెయ్యాల?"

"స్టీరింగ్ ఎనకాల రెండు రెక్కలుంటాయమ్మా. కుడి వేలితో లాగితే గేరు పెరుగుతాది. ఎడం వేలితో లాగితే తగ్గుతాది."

"తగ్గించే వేలే పోయిందన్నమాట." ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే నుదుటి కుట్లు లాగి ముఖం ముడుచుకుంది.

ఆ నవ్వు చూసి సాయిశంకర్ ఇక ఉండలేకపోయాడు. "నానేనమ్మా సెప్పింది. డబ్బులు తీసుకున్నాను. ఉత్తినే బెదిరిస్తారనుకున్నాను..."

"తెల్సు. నువ్వు తల దించినప్పుడే తెల్సింది."

సూరన్న స్టూలు మీంచి లేచాడు. ఎడంచేత్తో సాయిశంకర్ చొక్కా పట్టుకుని పైకి లేపి నోటి మీద గుద్దాడు. ముందు పళ్ళు రెండు లోపలికి వంగాయి. మళ్ళీ గుద్దాడు. నర్సు అరుస్తోంది. సాయిశంకర్ చేతులు ఎత్తలేదు. మూడోసారి సూరన్న చెయ్యి దానంతటదే సగంలో ఆగిపోయింది. ఆ ముసలిమనిషి ఏడుస్తున్నాడు.

"అది పోలీసులకి సెప్పు," అంది గంగాలమ్మ, పక్కకి తిరిగి పడుకుంటూ. "నాకు సెప్తే ఏటొస్తాది. మద్దెలో బొత్తాం నొక్కావు కదాని నిన్ను నెత్తినెట్టుకోను. ముందు నొక్కుంటే నా యేళ్ళు ఉండీవి."

అతను చెప్పాడు. ఆసుపత్రి నుంచి సూటిగా స్టేషన్‌కెళ్ళి, కవరుతో సహా అంతా ఒప్పుకున్నాడు. కేసులో నాలుగో ముద్దాయిగా అతని పేరు చేర్చారు. శ్రీరామ్మూర్తి తనకేమీ తెలీదన్నాడు కానీ, ఎలాగైనా సంతకం చేయించుకోమని ఆయన ఫోన్లోంచి ఎల్లారావుకి వెళ్ళిన మెసేజీలు బయటపడ్డాయి. కంపెనీ ఆ షోరూముకి డీలర్‌షిప్ తీసేసింది. సాయిశంకర్ బెయిలు వచ్చేదాకా నలభై రోజులు సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఎల్లారావు మనుషులు అక్కడా ఉన్నారు. స్నానాల దగ్గర రెండుసార్లు అతని తల గోడకేసి కొట్టారు. రెండోసారి తర్వాత ఒక కంటికి చూపు మసకబారింది. అయినా వాంగ్మూలం మార్చలేదు.

బండి సెప్టెంబర్‌లో హైదరాబాద్ షోరూము నుంచి వచ్చింది. రాసిన ధరకే. ఊరంతా ఆ కథ చెప్పుకోవడంతో బండికి రెట్టింపు పలికింది. ముంబై నుంచి, దుబాయ్ నుంచి ఎవరెవరో సూర్యకళకి ఫోన్లు చేశారు. గంగాలమ్మ అమ్మనంది. మూడు వేళ్ళ చేత్తో ఎడమ రెక్క లాగడం నెల రోజులు సాధన చేసింది. ఉంగరపు వేలు బాగా పనికొచ్చిందట.

నవంబర్‌లో సాయిశంకర్ అప్రూవరుగా, అంటే నేరం ఒప్పుకుని ప్రభుత్వం తరఫున, కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఎల్లారావు చేతికర్ర పట్టుకుని బోనులో నిలబడి అతన్నే చూస్తున్నాడు. ఎర్ర బొత్తాం ఎంత దూరంలో ఉందని లాయరు అడిగాడు.

"చెయ్యెత్తితే అందేంత దూరంలోనే ఉందండి," అన్నాడు సాయిశంకర్.

"మరి ఎంతసేపటికి నొక్కారు?"

"వేళ్ళు పోయాక నొక్కానండి."

చెప్పవలసిందంతా చెప్పి దిగాడు.

బయటికొచ్చేసరికి కోర్టు గేటు అవతల జనం మూగి ఉన్నారు. మధ్యలో ఆ బండి, సముద్రం రంగులో, నేలకి అతుక్కున్నట్టు ఉంది. కాలేజీ కుర్రాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. సూరన్న పక్క సీట్లో బిగుసుకుని కూర్చుని, బెల్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. గంగాలమ్మ అద్దం దించింది. సాయిశంకర్ ఆగిపోయాడు. ఏడేళ్ళు కార్లు అమ్మినా అలాంటి బండిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"సాచ్చీకం బాగా సెప్పావు," అంది ఆవిడ.

"అమ్మా..."

"ఇంటికెలగెల్తావు?"

అతను బండి వైపు ఒకడుగు వేశాడు. "పెందుర్తి బస్సులోనమ్మా."

గంగాలమ్మ ముందుకి వంగి రోడ్డు చివరికి చూసింది. "అదిగో, వచ్చేత్తంది. ఎక్కు మరి, తప్పిపోద్ది."

అద్దం పైకి లేచింది. బండి గర్జించి కదిలింది. జనం ఈలలు వేస్తూ పక్కకి తప్పుకున్నారు. సాయిశంకర్ రోడ్డు దాటి, ఆగీ ఆగని బస్సు కమ్మీ పట్టుకుని ఎక్కాడు. సీటు లేదు. నిలబడే టిక్కెట్టు తీసుకున్నాడు.